లేసు సూదితో మడ అడవి అల్లిద్దాం

సంపాదకుడు గారికి నమస్కారం.

సైన్స్ ఫెయిర్లు వస్తున్నాయంటే చాలు, ఊళ్ళో స్టేషనరీ షాపుల్లో థర్మోకోల్ షీట్లకి గిరాకీ పెరుగుతుంది. ఏ స్టాల్ దగ్గరికెళ్ళినా అదే ఆకుపచ్చ రంగు పూసిన కణం, అదే బల్బులు వెలిగే గుండె, పక్కన నిలబడి బట్టీపట్టింది గడగడా అప్పజెప్పే పిల్ల. వీటిలో సగం అమ్మానాన్నలు రాత్రి కూర్చుని అతికించినవి, కొన్ని డబ్బులిచ్చి చేయించినవి. ఈ సంగతి మాకూ తెలుసు, మార్కులేసే జడ్జిలకీ తెలుసు. మర్నాటికి అవన్నీ చెత్తకుప్పలోకే. జీవశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఇది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అందుకే ఈ ఉత్తరం.

నేను అడిగేది ఒకటే. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళనీ, కాలేజీల్లో బోటనీ, జువాలజీ చెప్పేవాళ్ళనీ ఒక చోట కూర్చోబెట్టి, స్కూలు పిల్లలతో కలిసి కోరింగ మడ అడవిని, అంటే సముద్రపు పోటు నీళ్ళు వచ్చిపోయే ఉప్పు బురదలో పెరిగే అడవిని, దారంతో అల్లించండి.

నవ్వకండి, ఇలాంటిది ప్రపంచంలో ఎప్పుడో జరిగింది. ఆస్ట్రేలియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మార్గరెట్, క్రిస్టీన్ వర్తైమ్ అని ఇద్దరు కవల అక్కచెల్లెళ్ళు, ఒకావిడ సైన్స్ రచయిత, రెండో ఆవిడ కళారంగంలో మనిషి, సముద్రం వేడెక్కి పగడపు దిబ్బలు తెల్లబడి చచ్చిపోతున్నాయన్న బాధతో 2005లో లాస్ ఏంజిలిస్‌లో తమ ఇంట్లోనే పగడాలు అల్లడం మొదలుపెట్టారు. తర్వాత దేశదేశాల్లో మామూలు జనం చేరారు. 2022లో జర్మనీలోని బాడెన్-బాడెన్ మ్యూజియంలో పెట్టిన దిబ్బకి దాదాపు 4,000 మంది కలిసి 40,000కు పైగా పగడాలు అల్లి పంపారు. అంతకుముందు వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియంలోనూ, 2019లో ఇటలీలో జరిగిన వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలోనూ వీటిని ప్రదర్శించారు.

ఇందులో అసలు కిటుకు లెక్కల్లో ఉంది. కార్నెల్ యూనివర్సిటీలో పనిచేసిన డైనా తైమినా అనే లాత్వియా గణిత శాస్త్రవేత్త 1997లో హైపర్బోలిక్ తలాన్ని, అంటే అంచుకి పోయేకొద్దీ చోటు చాలక ముడతలు పడే తలాన్ని, దారంతో అల్లి చూపించారు. అంతకుముందు దాన్ని కాగితం ముక్కలు అతికించి చేసేవాళ్ళు, చేత్తో పట్టుకుంటే చిరిగేది. ఆవిడ చేసిందల్లా ప్రతి వరసలోనూ, ఇన్ని కుట్లకి ఒకటని, ఒకే లెక్కన అదనపు కుట్టు వేసుకుంటూ పోవడమే. అంచు పెరిగి పెరిగి బల్లమీద పరుచుకోలేక అలలు అలలుగా పైకి లేస్తుంది. పగడాల్లో చాలావాటి అంచులు అలాగే ఉంటాయి, తక్కువ చోటులో ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది, నీళ్ళలో కొట్టుకొచ్చే తిండిని పట్టుకోవడానికి అదే కావాలి మరి. మన దగ్గర టేబుల్ క్లాత్ గుండ్రంగా అల్లేటప్పుడు కుట్లు ఎక్కువై అంచు లేస్తే ఆ పీసు పనికిరాదని తీసి పక్కన పడేస్తారు. ఇంటర్ పిల్లలకి చూపించాల్సింది సరిగ్గా ఆ పీసే!

అయితే మన తీరంలో పగడపు దిబ్బలు లేవు, అవి చూడాలంటే మన్నార్ సింధుశాఖకో, లక్షద్వీప్‌కో, అండమాన్‌కో పోవాలి. మనకున్నది మడ అడవి. కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యమే 235 చదరపు కిలోమీటర్లు. పదో తరగతి పిల్లాడికి శ్వాసవేర్లకి ఉదాహరణ రాయమంటే రాస్తాడు గానీ తెల్లమడ చెట్టు చుట్టూ బురదలోంచి నిటారుగా పొడుచుకొచ్చే ఆ వేళ్ళని ముట్టుకుని ఎరగడు. ఆ చెట్టు ఆకు నాలుక్కి తగిలిస్తే ఉప్పగా ఉంటుందనీ, చెట్టు ఒంట్లోకి చేరిన ఉప్పుని ఆకుల మీంచే బయటికి తోసేస్తుందనీ చెబితే వింతగా చూస్తాడు. ఉప్పుపొన్న విత్తనం కొమ్మకుండగానే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతూ ఉండి, ఆనక కిందపడి బురదలో నాటుకుంటుంది. ఇవన్నీ థర్మోకోల్‌తో చేసే రకాలు కావు. శ్వాసవేరు అల్లమని లేసు ఆవిడకిస్తే ఆవిడ మొదట అడిగే ప్రశ్న, పైన రంధ్రాలు ఎక్కడ పడాలి, ఎంత ఎడంగా పడాలి అని. అప్పుడు మాస్టారు భూతద్దం తీసుకుని వేరు దగ్గర కూర్చోక తప్పదు. నాకు కావలసింది ఆ కాసేపే.

ఈ అడవి బొమ్మలు గోడల మీద వేయించట్లేదా అంటారు. వేయిస్తున్నారు, అందులో చేపలు పట్టి తినే బావురు పిల్లి ఒక్కోచోట చిరుతపులిలా ఉంటుంది, వేసిన ఆయన్ని తప్పుబట్టి లాభం లేదు, ఆయన్ని అడవికి తీసుకెళ్ళి చూపించినవాళ్ళు లేరు, తప్పు దిద్దే జువాలజీ మనిషీ లేడు. సైన్సు తెలిసినవాళ్ళు ప్రారంభోత్సవం రోజున దండలేయించుకోవడానికి కాక మొదటి రోజునుంచీ పక్కన ఉండాలి. గోదావరి మొగలో పాడైపోయిన మడ అడవిని తిరిగి పెంచినప్పుడు స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, అటవీశాఖ, ఊళ్ళవాళ్ళు కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటు నీళ్ళు లోపలికొచ్చి పోయేలా చేస్తే ఉప్పు తగ్గి మొక్క బతికింది. ఆ కాలువల ప్లాను దారంతో అల్లితే ఎంత బాగుంటుందో ఆలోచించండి. వేళ్ళకి చిక్కుకునే క్యారీ బ్యాగుల్ని సన్నగా కత్తిరించి వాటినీ అల్లించొచ్చు, వర్తైమ్ అక్కచెల్లెళ్ళు ప్లాస్టిక్‌తో ఒక విషపు దిబ్బే అల్లారు.

ఇక డబ్బుల సంగతి. నరసాపురం లేసుకి 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ కళ్ళు పోగొట్టుకుని అల్లినావిడకి ఏజెంట్ చేతిలోంచి దక్కేది ఎంతో ఆ ఊళ్ళలో ఎవర్నడిగినా చెబుతారు. అందుకని ఈ పనికి వాళ్ళని సేవ పేరుతో ఊరికే పిలవొద్దు. గెస్ట్ లెక్చరర్‌కి ఎంతిస్తారో అంత రోజుకి లెక్కగట్టి బ్యాంకు ఖాతాలో వేయండి, పిల్లలకి నేర్పుతున్నారు కాబట్టి టీచరమ్మలే. ప్రదర్శనలో బోర్డు పెడితే కలెక్టర్ గారి పేరుతో పాటు అల్లిన ప్రతి ఒక్కరి పేరూ ఉండాలి.

సిలబస్ అవ్వట్లేదు, దీనికి టైమెక్కడిది అని మా స్టాఫ్ రూములోనే అంటారని తెలుసు. థర్మోకోల్ కోయడానికి పోతున్న టైమే దీనికి చాలు. వచ్చే సైన్స్ ఫెయిర్‌కి జిల్లా విద్యాశాఖ ఒకటి రెండు మండలాల్లో పెట్టి చూడొచ్చు, అటవీశాఖ ఒక బస్సూ, కోరింగలో చెక్క వంతెన మీద ఒక పూట నడవడానికి అనుమతీ ఇస్తే చాలు. దారం మేమే కొనుక్కుంటాం.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచర్,
పాలకొల్లు.