క్యాబిన్ మీద సోలార్‌కు స్పష్టమైన అనుమతి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ నుంచి గువాహటికి సరుకు తోలే లారీ నాది. అన్‌లోడింగ్ కోసం ఒక్కోసారి గోడౌన్ బయట రెండు మూడు రోజులు పడిగాపులే. ఇంజిన్ ఆపితే ఫ్యాను, ఫోన్ ఛార్జింగ్, జీపీఎస్ అన్నీ బ్యాటరీల మీదే. తెల్లారి సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకుంటుంది.

అందుకే క్యాబిన్ పైన రెండు సోలార్ ప్యానెళ్లు బిగించాను. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ప్యానెల్ కరెంటును బ్యాటరీలకు తగ్గట్టు అదుపు చేసే 24 వోల్టుల ఛార్జ్ కంట్రోలర్, బ్యాటరీ దగ్గర ఫ్యూజు తప్పనిసరి. చాలామంది 12 వోల్టుల ఫ్యానుకు ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగుతారు. అది ముందు దిగిపోతుంది, దాంతో రెండోదీ పాడవుతుంది. సోలార్ పెట్టినా ఈ జబ్బు నయం కాదు; 24ను 12కి దించే కన్వర్టర్ వాడాల్సిందే.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, సంతోషం. కానీ ఇంజిన్ ఆపితే ఆ ఏసీ కూడా ఆగుతుంది. రాత్రంతా ఉక్కపోతలో నిద్రలేని డ్రైవరే పొద్దున హైవే ఎక్కాలి. అలాంటిది ఫ్యాను తిప్పే ప్యానెల్‌ను చూసి, బండి మార్చేశావంటూ దారిలో ఆపుతున్నారు. ఎత్తు పరిమితి దాటని ప్యానెళ్లకు అభ్యంతరం లేదని రవాణా శాఖ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ కాగితం ఉంటే చెక్‌పోస్టుల్లో మాకు టెన్షన్ ఉండదు.

– ఒక లారీ యజమాని, డ్రైవరు, గన్నవరం