ప్రయోగం ఎక్కడ తప్పుతుందో టీచర్లకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

చిన్న తరగతుల్లో సైన్సును పిల్లల చేత చేయించి నేర్పాలన్న మాటను ఇప్పుడు ఎవరూ కాదనడం లేదు. అయినా చాలా తరగతుల్లో టీచరు బల్ల దగ్గర ప్రయోగం చేస్తుంటే పిల్లలు మెడలు చాచి చూడటంతోనే పాఠం అయిపోతోంది. సామాను కొరత కొంత కారణమే. అంతకన్నా పెద్ద కారణం, ప్రయోగం మొరాయిస్తే ఎక్కడ వెతకాలో టీచరుకు ఎవరూ చెప్పకపోవడం. తరగతి నిండా పిల్లలు చూస్తుండగా బల్బు వెలగకపోతే, మర్నాటి నుంచి ఎవరైనా చాక్‌పీసునే నమ్ముకుంటారు.

ఆ బల్బు సంగతే చూడండి. ఇద్దరు పిల్లలకు కలిపి 1.5 వోల్టుల సెల్లు ఒకటి, 1.5 లేదా 2.5 వోల్టుల టార్చి బల్బు ఒకటి, జానెడు తీగ ముక్క ఒకటి ఇచ్చి ‘వెలిగించండి’ అనాలి. ఆ వయసుకు ఇంతకన్నా మంచి పాఠం లేదని మా గట్టి నమ్మకం. ముట్టుకునే ముందు, ఎలా కలుపుతారో బొమ్మ గీయించాలి. చాలామంది సెల్లు నుంచి బల్బు అడుగుకు ఒకే గీత గీస్తారు. కరెంటు బల్బులోకి వెళ్లి అక్కడే అయిపోతుందని వాళ్ల ఊహ. అలా కలిపితే వెలగదు. బల్బు అడుగున టంకం బొట్టు ఒకటి, పక్కన లోహపు తొడుగు ఒకటి ఉంటాయి, రెండూ తగలాలి. బొట్టును సెల్లు బొడిపె మీద ఆనించి, తీగ ఒక కొన సెల్లు అడుగుకూ రెండో కొన తొడుగుకూ తాకిస్తే వెలుగుతుంది. ఇది కనిపెట్టడానికి పిల్లలకు పావుగంట పట్టినా పట్టనివ్వాలి. మధ్యలో చూపించేస్తే పాఠం పోయినట్టే.

అన్నీ సరిగ్గా కలిపినా వెలగకపోతే ముందు తీగను అనుమానించాలి. మోటార్లకు చుట్టే రాగి తీగ ఒట్టి రాగిలా మెరుస్తుంది గానీ దాని మీద వార్నిష్ పూత ఉంటుంది. రెండు కొనలనూ ఉప్పు కాగితంతో అంగుళం మేర గీకాలి. ప్లాస్టిక్ తొడుగు తీగైతే 2 సెంటీమీటర్లు ఒలవాలి. తరవాత బల్బు మీద అంకె చూడాలి. 6 వోల్టులదైతే ఒక్క సెల్లుకు వెలిగినట్టే కనబడదు. 9 వోల్టుల బ్యాటరీకి 2.5 వోల్టులది తగిలిస్తే మాడిపోతుంది. మొదటి పాఠానికి ఎల్‌ఈడీ వద్దు. ఒక్క సెల్లుకు వెలగదు, కాళ్లు తారుమారైనా వెలగదు, లోపం ఎక్కడుందో పిల్లలకు అంతు చిక్కదు. బల్బు లేకుండా సెల్లు రెండు కొసలనూ తీగతో కలిపితే రెండూ వేడెక్కుతాయి, వెచ్చగా తగిలిన వెంటనే విడదీయాలని ముందే చెప్పాలి. ఛార్జింగు సెల్లుల్లో ఆ వేడి మరీ ఎక్కువ కాబట్టి అవి ఇవ్వకూడదు. బటన్ సెల్లులు గదిలోకే రానివ్వకండి, పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. గోడ ప్లగ్గుల్లో తీగలు పెట్టకూడదన్న మాట ప్రతిసారీ చెప్పాల్సిందే.

ఇంకో చిక్కు, ప్రయోగం చక్కగా జరిగినా చెప్పే కారణం తప్పు కావడం. పళ్లెంలో సెంటీమీటరు లోతు రంగు నీళ్లు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తే నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ‘ఆక్సిజన్ ఖర్చయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి’ అని ఏళ్ల తరబడి చెబుతున్నారు. దగ్గర నుంచి చూస్తే ఆ మాట నిలవదు. గ్లాసు దించుతున్నప్పుడే అంచు కింద నుంచి బుడగలు వస్తాయి. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు, ఆరిపోగానే గబగబా ఎక్కుతాయి. ఒకటి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే ఇంకా పైకి వస్తాయి. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ మాత్రం అంతే కదా! వేడికి ఉబ్బిన గాలి కొంత బయటికి పోయింది, మిగిలింది చల్లబడి ముడుచుకుంది. చిన్న తరగతికి ఆ మాట చాలు. గ్లాసు కింద రెండు నాణేలు పెడితే నీళ్లకు దారి ఉంటుంది. కొవ్వొత్తి గ్లాసు ఎత్తులో సగానికి మించితే గాజు పగలొచ్చు. వెలిగించడం, బోర్లించడం టీచరే చేయాలి. బుడగలు ఎప్పుడు వచ్చాయి, నీళ్లు ఎప్పుడు ఎక్కాయి అన్నది పిల్లలు చూసి రాయాలి.

విత్తనాల పాఠంలోనూ ఇదే తంతు. మొలకెత్తడానికి వెలుతురు కావాలని పిల్లలు పరీక్షలో రాస్తారు. తడి దూదిలో చిక్కుడు గింజలు పెట్టి ఒక గిన్నెను కిటికీ దగ్గర, ఇంకోదాన్ని మూసిన బీరువాలో ఉంచితే రెండింట్లోనూ మొలకలు వస్తాయి. చీకట్లోవి పాలిపోయి పొడుగ్గా సాగుతాయి. గిన్నెకు పది గింజలైనా ఉండాలి, ఒక్కటే పెడితే అది పుచ్చుగింజ కావచ్చు. దూది తడిగా ఉండాలి తప్ప నీళ్లు నిలవకూడదు, గాలి అందక గింజలు కుళ్లుతాయి. గాలి లేకపోతే మొలకెత్తవని చూపించాలంటే గింజలను ఊరికే నీళ్లలో ముంచితే సరిపోదు. కాచి చల్లార్చిన నీళ్లు పోసి, పైన పల్చగా నూనె పొర వేయాలి. లేకపోతే నీళ్లలో కరిగిన గాలితోనే కొన్ని మొలకెత్తి పాఠం తలకిందులవుతుంది.

పాఠ్యపుస్తకాలు రాసేవారికి మా విన్నపం ఒకటే. ప్రతి ప్రయోగం పక్కన ‘రాకపోతే ఇవి చూడండి’ అని నాలుగు వాక్యాలు అచ్చు వేయండి. టీచర్ల శిక్షణలో ప్రయోగాలను తెర మీద చూపించి వదిలేయకుండా వాళ్ల చేతే చేయించండి, కావాలనే పూత గీకని తీగ ఒకటి ఇచ్చి లోపం వెతికించండి. టైంటేబుల్లో సైన్సుకు వారానికి ఒకసారైనా రెండు పీరియడ్లు వరసగా ఉండాలి. సామాను పంచి, ఊహ రాయించి, చేయించి, మాట్లాడించడానికి ఒక్క పీరియడు చాలదు. పిల్లలు ముందుగా రాసిన ఊహకు మార్కులు వేయకండి. వేస్తే పక్కవాడి పలకలో చూసి రాస్తారు.

ఇట్లు,
కొందరు ప్రాథమిక పాఠశాల సైన్సు ఉపాధ్యాయులు