మొదటి బిడ్డ దగ్గర ఎవరూ చెప్పలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆగస్టు మొదటి వారం కదా, తల్లిపాల వారోత్సవాల ఫ్లెక్సీ మా ఊళ్లోనూ కట్టారు. ఏటా కడతారు. ‘తల్లిపాలు అమృతం’ అని పెద్దక్షరాలు, పైన నాయకుల ఫొటోలు. అమృతమని తెలియని తల్లి ఎవరండీ? ఆ అమృతం పిల్ల నోట్లోకి చేరేదెలాగో పక్కన నిలబడి చూపించేవాళ్లే కరువు. నాకు ఇద్దరాడపిల్లలు. పెద్దదానికి అయిదో ఏడు, చిన్నదానికి ఏడో నెల. రెండూ ఆపరేషన్ కాన్పులే. పెద్దది పుట్టిన రోజే డబ్బాపాలు రుచి చూసింది. చిన్నది ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా ఎరగదు. తేడా ఎక్కడొచ్చిందో చెబుదామనే ఈ ఉత్తరం.

పెద్దది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది. పొద్దున ఆపరేషనైతే పిల్లను నా పక్కలో వేసింది సాయంత్రానికి. ఈలోగా కింద మందుల షాపు నుంచి డబ్బా తెప్పించి ఉగ్గుగిన్నెతో పట్టేశారు. ‘పాలు పడలేదమ్మా’ అని ఆయా అంది, సిస్టర్ అంది, చూడ్డానికొచ్చిన మా పెద్దత్తా అంది. మొదటి రోజు ఊరేవి కాసిని ముర్రుపాలేననీ, అప్పుడే పుట్టిన పిల్ల పొట్టకు ఒక విడతకు చెంచాడు చాలనీ ఒక్కరూ అనలేదు. నేనేమో గిన్నెడు రావాలేమో అనుకుని ఏడుస్తూ కూర్చున్నాను. చనుమొనలు పగిలి నెత్తురొచ్చింది. పిల్ల పట్టే పట్టు సరిగా లేదని ఎవరూ చెప్పలేదు, పూతమందు మాత్రం రాశారు. ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద మాత్రల కింద వరసలోనే పాలడబ్బా పేరు, ఎన్ని చెంచాలు కలపాలో కూడా రాసిచ్చారు.

ఇంటికొచ్చాక మా అమ్మ వెల్లుల్లి కారం పెట్టింది, మెంతులు పెట్టింది, మార్కెట్‌కెళ్లి పాలసొర చేప తెచ్చి పుట్టు చేసింది. మాది కాకినాడ, బాలింతకు సొరపుట్టు పెట్టకపోతే ఊరుకోరు. సొరపుట్టు నేను తిన్నాను, సీసా పిల్ల తాగింది. ఇక పాలెక్కడ ఊరతాయి? చెలమైనా తోడితేనే కదా ఊరేది. మూడో నెలకల్లా పూర్తిగా ఎండిపోయాయి. ‘దీనికి పాలు లేవు’ అన్న మాట మాత్రం చుట్టాలందరిలోనూ మిగిలిపోయింది.

రెండో కాన్పుకు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం. ఇష్టపడి కాదు, చేతిలో డబ్బుల్లేక. అక్కడి బాత్రూముల సంగతి అడక్కండి. కానీ ఆ వార్డులో ఒక పెద్ద వయసు సిస్టర్ ఉంది. నడుముకిచ్చిన మత్తు ఇంకా దిగకముందే పిల్లను తెచ్చి నా రొమ్ము మీద వేసింది. తర్వాత కుట్లకు తగలకుండా పిల్ల కాళ్లు నా చంక కిందుగా వెనక్కి పెట్టించి, దాని మెడ నా అరచేతిలో ఆనించి, ‘ఆగమ్మా, తొందరపడకు, ఆవలించినంత నోరు తెరవనీ’ అంది. తెరిచాక ఒక్కసారిగా దగ్గరకు లాగింది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లభాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలట. ఈ ఒక్క ముక్క తెలియకే కదా పెద్దదాని దగ్గర అంత నెత్తురు చూశాను! ఆమె నా మంచం దగ్గర గడిపింది పది నిమిషాలుంటుందేమో.

రెండోసారి ఒళ్లు కూడా కొంత సాయం చేస్తుంది, అది కాదనను. మొదటిసారి కన్నా పాలు త్వరగా, ఎక్కువగా పడడం మామూలే. నొప్పులూ ఎక్కువే. పిల్ల తాగుతున్నంతసేపూ గర్భసంచి ముడుచుకుని, మళ్లీ పురిటినొప్పులా అనిపిస్తుంది. మూడో రాత్రి చిన్నది పావుగంటకోసారి లేచి ఏడ్చింది. ‘చాలట్లేదు, డబ్బా తెప్పిద్దాం’ అని మా వాళ్లు మొదలుపెట్టనే పెట్టారు. సిస్టర్ నవ్వి, ‘పాలు పెంచుకోవడానికే అలా మాటిమాటికీ అడుగుతుంది. అయిదో రోజు నుంచి తడిపిన గుడ్డలు లెక్కపెట్టు, రోజుకు ఆరుంటే చాలు’ అంది. ఇంటికొచ్చాక ఆ లెక్క మా పెద్దది తీసుకుంది. గుడ్డ తడిసినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో గీత గీసేది. కొన్నాళ్లు పోయాక గీతలకు గోడ చాల్లేదు.

‘రెండో కాన్పుకి అన్నీ తెలిసొస్తాయిలే’ అంటారు. నా బాధ అక్కడే. నేను నేర్చుకోవడానికి పెద్దది ఎందుకు నష్టపోవాలి? పైగా ఆ రెండో బిడ్డ ఎందరికి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో స్త్రీ సగటున కనే పిల్లల లెక్క, 1.7, తెలంగాణలో 1.8. ఒక్కరితో ఆపేస్తున్న తల్లికి నేర్చుకునే రెండో అవకాశమే లేదు. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతుంటే, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందింది 41.8 శాతం మంది పిల్లలకే. అంటే డాక్టరు, నర్సు కళ్లముందే ఆ గంట దాటిపోతోంది.

డబ్బాపాలు పట్టే తల్లుల్ని నేనొక్క మాట అనను. నిజంగా అవసరమయ్యే పిల్లలుంటారు, నేనూ పట్టినదాన్నే. కానీ 1992లో చేసిన చట్టం ఒకటుంది. పసిపిల్లల పాలడబ్బాలకు ప్రకటనలివ్వకూడదు, ఉచితంగా పంచకూడదు, ఆసుపత్రుల్లో ప్రచారం చేయకూడదు, సిబ్బందికి కానుకలివ్వకూడదు. చివరికి డబ్బా మీద పాప బొమ్మ కూడా వేయకూడదు. బొమ్మ తీసేశారు, బాగానే ఉంది. డబ్బా పేరు మాత్రం మాత్రల చీటీలోకి ఎలా వచ్చిందో ఎవరన్నా అడిగారా?

ఫ్లెక్సీలు కట్టించే జిల్లా వైద్యాధికారులు కాన్పులు చేసే ప్రైవేటు ఆసుపత్రుల్లోకి కూడా అడుగుపెట్టాలి. పాలు పట్టించడం వచ్చిన సిస్టర్ ఒకరు, ముఖ్యంగా రాత్రి డ్యూటీలో, ఉన్నారో లేరో చూడాలి. లేకపోతే పెట్టించాలి. ఆపరేషన్‌కు అన్ని వేలు కట్టించుకునేవాళ్లకు అదేం పెద్ద ఖర్చు కాదు. పిల్లను తల్లి దగ్గరకు ఎన్ని గంటలకు చేర్చారో కేస్ షీటులో రాయించాలి. డిశ్చార్జి కాగితాలు నాలుగు తీసి చదవాలి. మా పెద్దదాని కాగితం ఇంకా బీరువాలోనే ఉంది. తనిఖీకి ఎవరొచ్చినా చూపిస్తాను.

ఇట్లు,
ఇద్దరాడపిల్లల తల్లి,
కాకినాడ