మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

క్యాబేజీలో పేనుబంక కనిపిస్తే ఏ మందు, లీటరు నీటికి ఎంత అన్నది వ్యవసాయ పేజీల్లో ఏటా చలికాలంలో వస్తూనే ఉంటుంది. ఆకు అడుగున గోధుమ రంగు గుల్లలున్నాయేమో చూడమన్న మాట మాత్రం ఉండదు.

ఆ గుల్లలు చచ్చిన పేనుబంక పురుగులు, అంటే పేలు. డయరెటియెల్లా రేపే అనే రెండు మిల్లీమీటర్ల కందిరీగ చేసే పని అది. మనుషుల జోలికి రాదు. పొట్టను కాళ్ల మధ్య నుంచి ముందుకు వంచి పేను ఒంట్లో ఒక గుడ్డు పెట్టి పోతుంది. పిల్లపురుగు పేనును లోపల్నుంచి తినేస్తుంది. పేను ఉబ్బి, చర్మం కాగితంలా ఎండి ఆకుకు అతుక్కుపోతుంది. ఓ మాదిరి చలిలో గుల్ల కట్టడానికి వారం పైన, అందులోంచి కందిరీగ బయటపడటానికి మరో నాలుగైదు రోజులు పడుతుంది. అంటే ఈ రోజు కనిపించే గుల్లలు వారం కిందటి లెక్క. మామూలుగా తిరుగుతున్న పేలల్లోనూ కొన్నింటికి అప్పటికే గుడ్డు పడి ఉంటుంది.

పొలంలో అక్కడక్కడా 20 మొక్కలు చూసి, ఒక్కో మొక్కలో 50 పేలు లెక్కించండి. సగటున ఐదు గుల్లలున్నా మందు ఆపి, నాలుగు రోజులకు మళ్లీ లెక్కపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఖాళీ గుల్లకు అంచు నున్నగా, గుండ్రంగా రంధ్రం ఉంటే మన కందిరీగ బయటికొచ్చినట్టు. అంచు చిరిగినట్టుంటే దాన్నే తినే మరో కందిరీగ చేరినట్టు. అలాంటివే ఎక్కువైతే ఆశ పెట్టుకోవద్దు.

సింథటిక్ పైరిథ్రాయిడ్లనే రసాయన పురుగుమందులు కొడితే గుల్లలోని పురుగు బతికినా, బయటికి రాగానే ఆకు మీది మందు తగిలి చస్తుంది. పేలేమో జత కట్టకుండానే పిల్లల్ని పెట్టి పది రోజుల్లో మళ్లీ కమ్మేస్తాయి. చీమలు తిరిగే మొక్కల్లోనూ గుల్లలు తక్కువే. పేలు విసర్జించే తియ్యటి తేనెబంక కోసం చీమలు కందిరీగల్ని తరిమేస్తాయి. తప్పనిసరైతే పేనుబంక ముదిరిన మొక్కలకే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లతో కలిపి కొట్టాలి. పేలను తనవైపు లాగేందుకు క్యాబేజీలో ఎర పంటగా వేసే ఆవాల మీద మందు వద్దు. ఈ కందిరీగ ఆవాల పేనుబంక మీదా పెరుగుతుంది.

గడ్డ లోపలికి పేలు చేరాక ఇలా ఆగి చూడటం పనికిరాదు. వైరస్ భయమున్న బొప్పాయి, మిరప సంగతి వేరు, అక్కడ ఆగకూడదు. మిగతా చోట్ల మోతాదుల పట్టిక పక్కన ఒక గుల్ల ఫొటో కూడా వేయగలరు.

– ఒక వ్యవసాయ విస్తరణ ఉద్యోగి, చేవెళ్ల