మే 4, 2028: మదనపల్లెకు ఒక ట్రంపెట్ సాయంత్రం కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను ముప్పై ఏళ్లుగా పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తున్నాను. ఏటా ఆగస్టు 23 వచ్చిందంటే ఎక్కడెక్కడి ట్రంపెట్ వాళ్లూ ఒక మనిషిని తలుచుకుంటారు. ఆయన పేరు మేనార్డ్ ఫెర్గూసన్, అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతంలో పేరుమోసిన ట్రంపెట్ కళాకారుడు. 2006లో అదే రోజున, 78 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని వెంచురాలో కన్నుమూశారు. పాత కచేరీల రికార్డింగులు బయటికి తీసి ఒకరికొకరు పంపుకుంటారు, ఏ ఊళ్లో ఏ సంవత్సరం విన్నారో చెప్పుకుంటారు. అంతటి మనిషి 1960ల చివర్లో మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పారన్న సంగతి మాత్రం మా ఊళ్లో నేను అడిగినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. నా బాధంతా అదే.

ఆయన కెనడాలో, మాంట్రియల్ పక్కన వెర్డన్‌లో 1928 మే 4న పుట్టారు. ఇరవై ఒక్క ఏళ్లకే అమెరికాలో స్టాన్ కెంటన్ అనే ఆయన జాజ్ బ్యాండులో చేరి పేరు తెచ్చుకున్నారు. 1957 నుంచి సొంత బిగ్ బ్యాండ్, అంటే పెద్ద జాజ్ బృందం, నడిపారు. తర్వాత జాజ్‌లో మహామహులైన వేన్ షార్టర్, జో జావినుల్ లాంటివాళ్లు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ఆయన దగ్గర వాయించారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ఒంటరిగా ట్రంపెట్ ఊదింది కూడా ఆయనే.

ఆయన గొప్పతనం ఏమిటో ట్రంపెట్ పట్టనివాళ్లకు కొంచెం చెప్పాలి. ట్రంపెట్‌కు మీటలు మూడే. ఒకే మీట నొక్కి నాలుగైదు స్వరాలు పలికించవచ్చు. ఏది పలకాలో తేల్చేది పెదవి బిగువు, ఊపిరి. పైకి వెళ్లేకొద్దీ ఆ తేడా వెంట్రుకవాసి. ఊరేగింపులో రెండు గంటలు ఊదాక పెదవి వాచిపోతుంది, పై స్వరం అందదు, అందినా చీలుతుంది. చలికాలం తెల్లవారుజామున ముహూర్తమైతే పెదవి ఆనించి ఊదే మౌత్‌పీస్ మంచుముక్కలా ఉంటుంది. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని వెచ్చబెట్టి, రెండుసార్లు ఊది, గొట్టంలో నీళ్లు విదిల్చి గానీ మొదలుపెట్టలేం. మాలాంటివాళ్లం చాలని ఆగిపోయే చోటు నుంచి ఆయన మొదలయ్యేవారు. దాని పైన ఇంకో స్థాయి మొత్తం తిరిగి వచ్చేవారు. అక్కడ కూడా సన్నగా కీచుమనకుండా నిండుగా పలికించేవారు. పదహారు మంది కలిసి వాయిస్తున్నా ఆ ఒక్క ట్రంపెట్ వేరుగా వినపడుతుంది. దానికి యోగశ్వాస సాయపడిందని ఆయనే చెప్పేవారు. పొట్ట అడుగు నుంచి ఊపిరి నింపడం ఎలాగో వెళ్లిన చోటల్లా కుర్రాళ్లకు చూపించేవారు.

అభిమానులు ఇంతగా గుర్తుపెట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఆయన పెద్ద పెద్ద హాళ్లకే పరిమితం కాలేదు. బ్యాండును బస్సెక్కించి అమెరికాలో హైస్కూళ్లకు వెళ్లేవారు, స్కూలు పిల్లల ముందు వాయించేవారు, వాళ్లకు పాఠం చెప్పేవారు. ఇవాళ ఆయన్ను తలుచుకునేవారిలో చాలామంది అప్పట్లో స్కూలు బ్యాండులో ట్రంపెట్ పట్టుకున్న పిల్లలే. ఆయన పోయి నెల తిరక్కముందే సెయింట్ లూయిస్‌లో ఆయనకు నివాళిగా పెద్ద కచేరీ జరిగింది.

మన వైపు నుంచి చూస్తే ఆయన మనకు పరాయివాడు కాడు. పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థల విద్యార్థులకు నేర్పించారు, అక్కడ బ్రాస్ బ్యాండ్ నిలబడడానికి సాయం చేశారు. రిషి వ్యాలీ నుంచి వెళ్లాక 1970లో లండన్‌లో రికార్డు చేసిన ఆల్బమ్‌లో ఒక పాట పేరు ‘చలనాట’. అవును, మన కర్ణాటక సంగీతంలో 36వ మేళకర్త (మూల) రాగం పేరే. మొదటిసారి ఫోన్‌లో ఆ పేరు చూసినప్పుడు నేను సరిగా చదివానా అని రెండుసార్లు చూసుకున్నాను. మా మామ నాదస్వరం వాయిస్తారు. ఆయనకు వినిపిస్తే కళ్లు మూసుకుని పూర్తిగా విని, “ఇంకోసారి పెట్టు అల్లుడూ” అన్నారు. ఆ పూట మూడుసార్లు విన్నాం.

మదనపల్లెకు ఇలాంటి జ్ఞాపకాలు దాచుకోవడం చేతకాదనను. 1919లో ఠాగూర్ ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారని మా ఊళ్లో బడికి వెళ్లే పిల్లాడు కూడా గర్వంగా చెబుతాడు. ఆ గర్వంలో కొంచెం చోటు ఈయనకూ ఇవ్వాలి.

2028 మే 4కు ఆయన పుట్టి నూరేళ్లు. రాష్ట్ర సాంస్కృతిక శాఖ, మదనపల్లె మున్సిపాలిటీ, ఆకాశవాణి కలిసి ఆ సాయంత్రం ఊళ్లో ఒక కచేరీ పెట్టాలని కోరుతున్నాను. వేదిక మీద బయటి నుంచి వచ్చిన జాజ్ వాళ్లే ఉంటే సరిపోదు. పీలేరు, పుంగనూరు, రాయచోటి, కదిరి బ్యాండు మేళాల వాళ్లను, పోలీసు బ్యాండు వాళ్లను కూడా పిలవాలి. ఈ ప్రాంతంలో ట్రంపెట్‌ను బతికిస్తున్నది వాళ్లే. డీజే బాక్సులు వచ్చాక మా పనులు సగానికి పడిపోయాయి. మా అబ్బాయి ట్రంపెట్ ముట్టుకోవడమే మానేశాడు. అలాంటి పిల్లలు ఆ రోజు వేదిక ఎదురుగా కూర్చుంటే చాలు.

ఇంకో మాట. అంతకుముందు రెండు వేసవుల్లో, నెల రోజుల చొప్పున, బ్యాండు వాళ్ల పిల్లలకు నొటేషన్ చదవడం, ఊపిరి పట్టడం నేర్పే శిబిరం పెట్టాలి. నేను మా నాన్న పక్కన నిలబడి చెవితో విని నేర్చుకున్నాను. కాగితం మీద రాసిన స్వరం ఈ రోజుకీ చదవలేను. ఫెర్గూసన్ బడి పిల్లలకు చేసిన పని కూడా ఇదే కాబట్టి, ఆయన పేరు పెట్టడానికి ఇంతకన్నా తగిన శిబిరం ఉండదు.

డబ్బు ఎక్కడిదంటారేమో. ఒక మైదానం, ఒక మైకు సెట్టు, వాయించేవాళ్లకు భోజనం, బస్సు చార్జీలు ఇస్తే చాలు. మే నెల మాకు పెళ్లిళ్ల సీజన్. ఆ నెలలో ఒక్క రోజు పోయినా మాకు నష్టమే. అయినా 2028 మే 4 సాయంత్రానికి ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోబోమని మా బ్యాండులోని పదకొండు మందిమీ అనుకున్నాం.

– ఒక బ్యాండు మేళం కళాకారుడు, మదనపల్లె