శీనుకి, పాప పన్ను గురించి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? ఫోన్ చేస్తే ఎప్పుడూ మీటింగ్‌లోనే ఉంటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. పాప వెనక పన్ను మీద నల్ల గీత పడిందనీ, "పాల పన్నే కదా, ఊడిపోయేదానికి డాక్టరెందుకు" అని అమ్మ అంటోందనీ మెసేజ్ పెట్టావు. ముందు ఓ పని చెయ్యి. పాప నోరు తెరిపించి, ఫోన్ లైటు వేసి, ముందు పళ్ళ నడిమధ్య నుంచి ఆ గీత ఉన్న వైపుకి లెక్కపెట్టు. ఊడిన పన్ను సందు ఉంటే దాన్నీ ఒకటిగానే లెక్కెయ్యి. ఐదు దాకా పాల పళ్ళ చోటు. గీత ఆరోదాని మీద ఉంటే మాత్రం అది పాల పన్ను కాదురా, పాపకి జీవితాంతం ఉండాల్సిన దవడ పన్ను.

అమ్మ అలా అనుకోవడంలో వింతేం లేదు. ఒకటి ఊడితేనే ఇంకోటి వస్తుందని అందరం అనుకుంటాం. ఇదేమో ఏదీ ఊడకుండానే, ఇరవై పాల పళ్ళ వెనకాల, ఆరేళ్ళప్పుడు నాలుగు మూలలా చడీచప్పుడు లేకుండా వచ్చేస్తుంది. ముందు పన్ను ఊడితే ఇంటిపైకి విసిరి ఊరంతా చెప్పుకుంటాం, దీన్ని పట్టించుకునే నాథుడే ఉండడు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో పుచ్చిపోయిన శాశ్వత పన్ను అంటే చాలావరకు ఇదే. పైన సన్నటి లోతైన గాళ్ళుంటాయి. బ్రష్ పోచ వాటిలోకి దూరదు, నమిలిన బిస్కట్ మాత్రం శుభ్రంగా దూరుతుంది. అక్కడి బాక్టీరియా ఆ తీపి తిని ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లానికి ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, కరుగుతుంది.

ఒంట్లో ఎనామిల్‌ని మించిన గట్టి పదార్థం లేదు. అయినా ఎముక విరిగితే అతుక్కుంటుంది గానీ ఎనామిల్‌కి పడ్డ గుంట పూడదు. దాన్ని కట్టిన కణాలు పన్ను బయటికొచ్చేసరికే పోతాయి. ఈ ఆరో పన్నుకి ఎనామిల్ కట్టడం పాప పుట్టినప్పుడే మొదలై, మూడేళ్ళొచ్చేసరికి దవడ లోపలే పూర్తయిపోయింది.

నల్గొండలో మన క్లాసు గుర్తుందా? సగం మంది పళ్ళ మీద గోధుమరంగు చారలు. బొగ్గుతో, ఉప్పుతో ఎంత తోమినా పోయేవా? తొమ్మిదో క్లాసులో ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినాయన కొడుకు కూడా మన బోరు నీళ్ళే తాగాడు, వాడి పళ్ళు తెల్లగానే ఉండేవని మనకి తెగ కుళ్ళు. సంగతేంటంటే, ఎనామిల్ కట్టుకునే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితేనే ఆ మరకలు పడతాయి. జ్ఞాన దంతాలు తప్ప మిగతావాటికి ఎనిమిదేళ్ళకల్లా ఆ పని దాదాపు అయిపోతుంది. వాడు మన ఊరొచ్చేసరికి ఆ వయసు దాటిపోయాడు. (ఎముకలకి మాత్రం ఈ మినహాయింపు లేదు.) తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అలాగని ఫ్లోరైడ్ పేస్టు చూసి భయపడకు. పంటి మీద కొద్దిగా తగిలే ఫ్లోరైడ్ ఎనామిల్‌ని గట్టిపరుస్తుంది. బఠాణీ గింజంత పెట్టి, మింగకుండా ఉమ్మించు.

కొత్తగా వచ్చిన ముందు పళ్ళు పసుపుగా, అంచులు రంపంలా ఉన్నాయని మీ ఆవిడ టెన్షన్ పడుతోందన్నావు. పాల పళ్ళ పక్కన శాశ్వత పళ్ళు అలాగే కనిపిస్తాయి, ఎనామిల్ కిందుండే డెంటిన్ అనే పొర రంగు పైకి తెలుస్తుంది. అంచులు కొరకగా కొరకగా అవే అరిగిపోతాయి.

ఒకవేళ గీత ఐదోదాని మీదే ఉన్నా వదిలెయ్యకు. అది పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. ముందే తీసేయాల్సొస్తే ఆరోది ముందుకి జరిగి, కింద నుంచి రావాల్సినదానికి చోటు లేకుండా చేస్తుంది. ఉత్త మరకే అయితే గాళ్ళు మూసే సీలెంట్ వేస్తారు, గుంట పడితే చిన్న ఫిల్లింగ్. రెండూ పెద్ద పనులేం కావు. దసరాకి నా దగ్గరికి తెస్తానని ఆగకు, ఈ వారమే అక్కడెవరికైనా చూపించు. ఈలోగా ఒక ఫొటో పంపు, లైటు వేసి తియ్యి, పోయినసారి పంపినదాంట్లో నాలుక తప్ప ఏం కనపళ్ళేదు.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రవి