మా బ్యాండును గట్టెక్కించిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

కచేరీ బాగా జరిగింది. విన్నవాళ్ళలో చాలామందికి దాని వెనక ఇంత గొడవ నడిచిందని తెలియనే తెలియదు. తెలియకుండా గట్టెక్కించిన వాళ్ళెవరో మాకు తెలుసు కాబట్టి, మా బ్రాస్ బ్యాండు (ఇత్తడి వాయిద్యాల బృందం) సెక్రటరీగా వాళ్ళకు నలుగురి ముందూ థాంక్స్ చెప్పుకోవడానికే ఈ పోస్ట్. "నా పేరు మాత్రం రాయకండి" అని ఒక్కొక్కరూ ఒట్టు వేయించుకున్నంత పని చేశారు. అందుకే పేర్లు రాయడం లేదు. ఎవరి గురించి చెబుతున్నానో మన వాళ్ళకు ఎలాగూ తెలిసిపోతుంది.

విషయం తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మేము రిహార్సల్ చేసుకునే హాలు పైకప్పులో వెళ్ళే నీళ్ళ పైపు జాయింట్ ఒక రాత్రి ఊడిపోయింది. అదీ సరిగ్గా మా స్టోర్ రూమ్ నెత్తిన. తెల్లారేదాకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కార్నెట్లు, టెనార్ హార్న్‌లు, ట్రాంబోన్‌లు లాంటి చిన్న వాయిద్యాలు ఎవరివి వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళిపోతారు కాబట్టి బతికిపోయాయి. పెద్ద వాయిద్యాలు మాత్రం అక్కడే ఉంటాయి. బీ ఫ్లాట్ బేస్ (అన్నిటికన్నా కింది స్వరాలు పలికే పెద్ద ట్యూబా) ఒక్కటే దాదాపు 10 కిలోలు తూగుతుంది. దాని గొట్టం సాగదీస్తే సుమారు 5.5 మీటర్లు. దాన్ని రోజూ మోసుకెళ్ళమని ఎవరికి చెప్పగలం? బరువైనవి కింద, తేలికైనవి పైన, ఏ స్టోర్ రూమ్‌లోనైనా అంతే. నీళ్ళు నిలిచింది కిందే. నాలుగు బేసులూ, రెండు యూఫోనియంలూ (చిన్న ట్యూబా లాంటివి), బేస్ డ్రమ్మూ, పార్టులు (ఒక్కో వాయిద్యానికి విడివిడిగా ఉండే స్వరాల కాగితాలు) దాచుకునే బీరువాలో కింది అరలూ అన్నీ నానిపోయాయి. కచేరీ తేదీ అప్పటికే ప్రకటించేశాం. నిజం చెప్పాలంటే కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మొదటి దండం హాలు తాళాలు చూసుకునే పెద్దాయనకి. తలుపు కింద నుంచి నీళ్ళు రావడం చూసి ఆయన ముందు కరెంటు మెయిన్ ఆపారు, తర్వాత నీళ్ళ వాల్వ్ కట్టేశారు, ఆ తర్వాతే నాకు ఫోన్ చేశారు. అదే నేనైతే ముందు ఫోన్ తీసేదాన్ని. నేను వెళ్ళేసరికి ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, టార్చ్ చంకలో ఇరికించుకుని, కేసులు ఒక్కొక్కటీ వరండాలోకి లాగుతున్నారు. "కంగారు పడకమ్మా, ఇత్తడే కదా, ఏం కాదు" అన్నారు. ఆ మాట పూర్తిగా నిజం కాదని తర్వాత తెలిసింది గానీ, ఆ క్షణాన నన్ను నిలబెట్టింది మాత్రం అదే.

ఇక రిపేర్ మాస్టారు. ఈయన గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి. ఫోన్ ఎత్తగానే ఆయన అడిగింది ఒకటే, "కేసుల్లోంచి బయటకు తీశారా?" అని. నీళ్ళు తగిలినంత మాత్రాన ఇత్తడికి వెంటనే ముంచుకొచ్చే ప్రమాదం లేదట. మేము వాయించినంతసేపూ లోపల తడే కదా, మధ్యమధ్యలో వాటర్ కీ (నీళ్ళు వదిలే చిన్న మీట) నొక్కి ఒంపేసుకుంటూనే ఉంటాం. అసలు తంటా కేసులతో. లోపలి మెత్తటి గుడ్డ, దాని వెనక ప్లైవుడ్ నీళ్ళు పీల్చుకుని ఓ పట్టాన వదలవు. ఆ చెమ్మలోనే వాయిద్యాన్ని మూసి ఉంచితే బూజు ఖాయం. హెయిర్ డ్రయర్ వద్దు, వేడినీళ్ళు అసలే వద్దు, పైన ఉన్న పూత లేచిపోతుంది అని హెచ్చరించి, మధ్యాహ్నానికల్లా తన పెట్టె పట్టుకుని వచ్చేశారు.

వరండాలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పిస్టన్లన్నీ (మీట నొక్కితే కిందికి దిగి గాలి దారి మార్చేవి, వీటినే వాల్వులు అంటాం) విప్పి వరసగా పెట్టారు. ప్రతి పిస్టన్ మీదా నంబరు చెక్కి ఉంటుంది. ఒకటోదాన్ని రెండో గూట్లో పెడితే గాలి దారి మూసుకుపోతుంది. పిస్టన్‌కీ గూటికీ మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు కాబట్టి ఒక్క ఇసుక రేణువు చిక్కుకున్నా గీత పడిపోతుంది. అందుకే మమ్మల్ని గుడ్డ దగ్గరికి కూడా రానివ్వలేదు. మీటల కింద ఉండే ఫెల్ట్ బిళ్ళలు నీళ్ళు తాగి ఉబ్బిపోయాయి. ఉబ్బితే ఏమవుతుందో నొక్కి చూపించారు. మీట పూర్తిగా కిందికి దిగదు. పిస్టన్‌లోని రంధ్రం గొట్టం నోటికి ఎదురుగా రాదు. స్వరం వస్తుంది గానీ ముక్కు దిబ్బడేసిన మనిషి పాడినట్టు వస్తుంది. ఆ బిళ్ళలన్నీ ఒక్కటి కూడా మిగలకుండా మార్చేశారు.

అందరికన్నా ఎక్కువ సతాయించినవి యూఫోనియంలు. నాలుగో వాల్వును మిగతావాటితో కలిపి నొక్కితే స్వరం అసలు శ్రుతి కన్నా పైకి పోతుంది. అలా పోకుండా సరిచేయడానికి వెనక చిన్న చిన్న అదనపు గొట్టాలు ఉంటాయి. 1874లో బ్రిటన్‌లో డేవిడ్ బ్లేక్లీ అనే ఆయన కనిపెట్టిన ఏర్పాటు. వాయించేవాళ్ళకు వరం, కడిగేవాళ్ళకు నరకం. మురికంతా వెళ్ళి అందులోనే కూర్చుంది. మాస్టారు సన్నటి బ్రష్‌తో, గోరువెచ్చటి సబ్బు నీళ్ళతో ఎంతసేపు కడిగినా నల్లటి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. "ఇందులో పైకప్పు మురికి ఎంత, మా వాళ్ళు ఊదిన మురికి ఎంత మాస్టారూ?" అని అడిగితే నవ్వి ఊరుకున్నారు. చివరికి సామాన్ల ఖర్చు మాత్రమే తీసుకున్నారు. కూలి మాట ఎత్తినప్పుడల్లా టాపిక్ మార్చేశారు. మాస్టారూ, ఇది చదువుతున్నారని తెలుసు. ఆ లెక్క ఇంకా తేలలేదు.

పార్టుల సంగతి వేరే కథ. తడిసిన కాగితాల కట్టలు చూసి మా వాళ్ళు ఒక్కో పేజీ విడదీసి ఎండలో ఆరేద్దామని బయల్దేరారు. థర్డ్ కార్నెట్ వాయించే అక్క వాళ్ళ ఆడపడుచుకి పాత రికార్డులు భద్రపరిచే ఉద్యోగం. ఆవిడ ఫోన్‌లోనే గట్టిగా ఆపేసింది. తడి కాగితాన్ని లాగితే చిరుగుతుంది, ఎండలో పెడితే వంకర్లు పోతుంది, ఏమీ చేయకుండా వదిలేస్తే 48 గంటల్లో బూజు మొదలవుతుంది. కట్టలు కట్టలుగానే కవర్లలో పెట్టి ఫ్రీజర్‌లో పడేయమంది! గడ్డకట్టించేస్తే బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా కొంచెం కొంచెం బయటకు తీసి ఆరబెట్టుకోవచ్చు. విని మొదట ఎవరూ నమ్మలేదు. తీరా చూస్తే ఆ సాయంత్రానికి బ్యాండులో సగం ఇళ్ళ ఫ్రీజర్లలో మార్చ్‌లు, వాల్ట్జ్‌లు చేరిపోయాయి. ఇంట్లో ఉన్నవి ఖాళీ చేసి చోటిచ్చిన వాళ్ళకు, "ఇదేం పిచ్చి" అని తిట్టుకుంటూనే ఇచ్చిన వాళ్ళకు కూడా థాంక్స్.

అచ్చు వేసిన పార్టులు చాలావరకు దక్కాయి. చేత్తో సిరాతో రాసుకున్నవి అలికిపోయాయి. వింత ఏంటంటే, ఆ అలుకుడు పక్కనే పెన్సిల్‌తో రాసిన గుర్తులు చెక్కుచెదరలేదు. పెన్సిల్ గీతను నీళ్ళు కరిగించలేవట. ఒక పాత సెకండ్ హార్న్ పార్టులో స్వరాలన్నీ నీలం మరకైపోయాయి గానీ, "ఇక్కడ ఊపిరి తీసుకోకు" అన్న మాట, దాని పక్కన ఎవరో గీసిన కళ్ళజోడు బొమ్మ మాత్రం స్పష్టంగా ఉన్నాయి. కండక్టర్ వైపు చూడమని గుర్తు అది. ఎవరు గీశారో ఇప్పుడున్న వాళ్ళలో ఎవరికీ తెలియదు. ఆ పేజీ నేను పారేయనివ్వలేదు.

పోయిన పార్టులు మళ్ళీ రాయాలంటే స్కోర్ (అన్ని వాయిద్యాల స్వరాలూ ఒకేచోట ఉండే ప్రతి) చూసి రాసుకోవచ్చు కదా అనుకుంటాం. పాత మార్చ్‌లకు చాలావాటికి పూర్తి స్కోరే ఉండదు. కండక్టర్ సోలో కార్నెట్ పార్టు చూసుకునే నడిపించేవాడు. కాబట్టి సెకండ్ బారిటోన్ పోయిందంటే అది ఇంకో బ్యాండు బీరువాలో దొరకాల్సిందే. ఈ పని నెత్తిన వేసుకున్నది మన పాత సోలో యూఫోనియం అన్నయ్య. పెదవి కండరం సహకరించక ఆయన వాయించడం మానేసి చాలాకాలమైంది, రిహార్సల్ వైపు రావడం కూడా తగ్గించారు. ఎందుకో మేమెవరం అడగలేదు, అర్థమయ్యే విషయమే. ఈ సంగతి తెలిసి ఆయనే వచ్చి కూర్చున్నారు. తెలిసిన బ్యాండులన్నింటికీ ఫోన్లు చేసి, ఫోటోలు తెప్పించి, ఒక్కో స్వరం కంప్యూటర్‌లో ఎక్కించారు. కాపీరైట్ ఉన్నవి కాపీ కొట్టకుండా మళ్ళీ కొనిపించారు కూడా, ఆ విషయంలో ఆయన దగ్గర బేరాల్లేవు. రాత్రి పొద్దుపోయాక ఆయన పంపే మెసేజ్‌లలో "ఈ బార్‌లో ఫ్లాట్ పెట్టారు, తప్పేమో, సెకండ్ హార్న్‌తో సరిచూడు" లాంటివే ఉండేవి. ఆయన మళ్ళీ బ్యాండులోకి వచ్చినట్టే అని నేను లెక్కేసుకున్నాను. ఆయనింకా ఒప్పుకోలేదు.

ఇప్పుడు అసలు ఆశ్చర్యం. పోటీల్లో మాకు ఎప్పుడూ ఎదురుపడే బ్యాండ్ ఒకటుంది. వాళ్ళకూ మాకూ పలకరింపులు ఉంటాయి గానీ, ఫలితాలు వచ్చిన సాయంత్రం మాత్రం ఉండవు. మేము అడగకముందే వాళ్ళ సెక్రటరీ ఫోన్ చేసి, "రెండు ఈ-ఫ్లాట్ (E♭) బేసులు, ఒక బీ ఫ్లాట్ బేస్, ఒక యూఫోనియం ఇవ్వగలం, ఎప్పుడు తీసుకెళ్తారు?" అన్నారు. వాళ్ళ రిహార్సల్ ఉన్న రోజు వాళ్ళ దగ్గర, మా రిహార్సల్ ఉన్న రోజు మా దగ్గర. బేసులు రెండు హాళ్ళ మధ్య తిరుగుతూనే ఉన్నాయి. మామూలు బ్రాస్ బ్యాండులో ఊదేవాళ్ళు 25 మందైతే అందులో బేసులు నలుగురే. కానీ ఆ నలుగురు లేని రోజు మిగతా 21 మంది ఎంత బాగా ఊదినా గాల్లో తేలిపోతుంది. ఆ సంగతి తెలిసిన వాళ్ళు కాబట్టే పోటీ సంగతి పక్కనపెట్టి ఇచ్చారు. పోటీల్లో జడ్జీలు ఎవరు వాయిస్తున్నారో కనబడకుండా తెర వెనక కూర్చుంటారు కాబట్టి, ఈసారి వాళ్ళ బేస్‌తోనే వాళ్ళను ఓడించినా ఎవరికీ తెలియదని మా ట్రాంబోన్ బ్యాచ్ జోకు. వాళ్ళకూ చెప్పేశారు. వాళ్ళూ నవ్వారు, కొంచెం.

ఇంత జరుగుతుంటే మన ఈ-ఫ్లాట్ బేస్ వాయించే అన్న మోకాలి ఆపరేషన్‌కి హాస్పిటల్లో చేరాల్సి వచ్చింది. దెబ్బ మీద దెబ్బ. ఆయన కుర్చీలో కూర్చోవడానికి ముందుకొచ్చింది టెనార్ హార్న్ చెల్లి. బయటివాళ్ళకు ఇది విచిత్రంగా ఉంటుంది, ఒళ్ళో పట్టే వాయిద్యం నుంచి మనిషిని మింగేసేంత వాయిద్యానికి ఎలా మారతారని. బ్రాస్ బ్యాండులో బేస్ ట్రాంబోన్ తప్ప ఊదే వాయిద్యాలన్నీ ట్రెబుల్ క్లెఫ్ అనే ఒకే స్వరలిపి పద్ధతిలోనే చదువుతాయి. పైగా టెనార్ హార్న్ శ్రుతీ ఈ-ఫ్లాటే, ఆ బేస్ శ్రుతీ ఈ-ఫ్లాటే. రాత అదే, వేళ్ళూ అవే, ధ్వని మాత్రం ఒక ఆక్టేవ్ (స్థాయి) కిందికి. "అన్నీ అవే అక్కా, గాలే ఎక్కడిదీ సరిపోవట్లేదు" అంది మొదటి రిహార్సల్లో కళ్ళు తిరిగి కూర్చుండిపోయి. ఎక్కడెక్కడ ఊపిరి తీయాలో పార్టు నిండా గుర్తులు పెట్టుకుంది. పెన్సిల్‌తోనే! హాస్పిటల్ మంచం మీద నుంచి ఆ అన్న వీడియో కాల్‌లో ఆమెకు పాఠాలు చెప్పడం, నర్సు వచ్చి సౌండ్ తగ్గించమనడం మరో కథ.

ఈ లెక్కన వాయిద్యాలు తయారుచేసిన అడాల్ఫ్ సాక్స్‌కి కూడా ఒక థాంక్స్ పడేయాలి. 1840ల్లో పారిస్‌లో కూర్చుని ఆయన సాక్స్‌హార్న్‌లనే ఇత్తడి వాయిద్యాలను చిన్నా పెద్దా సైజుల్లో ఒకే కుటుంబంగా తయారుచేయబట్టే కదా మన టెనార్ హార్న్ పుట్టింది.

కచేరీలో ఇంగ్లిష్ స్వరకర్త హోల్‌స్ట్ రాసిన 'మూర్‌సైడ్ సూట్' తీసేద్దామని నేను కూడా మెత్తగా సూచించాను. 1928లో బ్రాస్ బ్యాండుల పోటీ కోసమే రాసిన కృతి, అందులో రెండో భాగం నెమ్మదిగా, మెత్తగా సాగుతుంది. ఏ వాల్వు కిర్రుమన్నా హాలంతా వినిపిస్తుంది. మన కండక్టర్ మాస్టారు ససేమిరా అన్నారు. "రిపేర్ ఎంత బాగా అయిందో తెలిసేది అక్కడే" అన్నారు. తెలిసింది. వాల్వులు ఒక్కటీ కిర్రుమనలేదు.

బేస్ డ్రమ్ మాత్రం దక్కలేదు, చెక్క ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది. కచేరీకి తమది ఇచ్చిన స్కూలు పిల్లలకు, దాన్ని మోసుకొచ్చి మళ్ళీ మోసుకెళ్ళిన వాళ్ళ మాస్టారికి ప్రత్యేకంగా థాంక్స్. ఇన్సూరెన్స్ సంగతి ఇక్కడ రాయను. రాస్తే కృతజ్ఞతల పోస్ట్ కాస్తా ఫిర్యాదు పోస్ట్ అయిపోతుంది.

మిగతా కబుర్లు. ఈ-ఫ్లాట్ బేస్ అన్న ఇంటికొచ్చేశారు, కర్రతో నడుస్తున్నారు, ఊదడానికి మోకాలితో పనేంటని డాక్టర్‌తో వాదిస్తున్నారు. ముందుపన్ను విరిగిన సెకండ్ ట్రాంబోన్ తమ్ముడికి కొత్త పన్ను పెట్టారు, పై స్వరాలు ఇంకా పూర్తిగా కుదరలేదు, ఎవరూ ఆటపట్టించకండి. రెపియానో కార్నెట్ అక్కకి పాప పుట్టింది, ఇద్దరూ క్షేమం. ట్రైనింగ్ బ్యాచ్ నుంచి ఒక పాప థర్డ్ కార్నెట్‌లోకి వచ్చింది. ఆ రోజు నీళ్ళలోంచి మ్యూట్‌లన్నీ (ధ్వని తగ్గించడానికి వాయిద్యం నోట్లో పెట్టేవి) ఏరి, ఎవరిది ఏదో చీటీలు కట్టి పెట్టింది ఆ పాపే.

స్టోర్ రూమ్‌లో కింది అర పూర్తిగా తీసేసి, బేసుల కోసం నేల నుంచి ఎత్తులో ఇనుప స్టాండ్ కట్టిస్తున్నాం. వెల్డింగ్ పని ఫ్లూగల్‌హార్న్ వాయించే అన్న ఉచితంగా చేస్తానన్నారు. అవతలి బ్యాండ్ వాళ్ళవి ఈ వారం తిరిగి ఇచ్చేస్తున్నాం, ఇచ్చేముందు వాల్వ్ ఆయిల్ వేసి, స్లైడ్‌లకు గ్రీజు పెట్టి, తుడిచి మరీ ఇవ్వాలి. ఎవరు వస్తారో గ్రూపులో చెప్పండి.

కొత్త కేసులు ఇంకా రాలేదు. వచ్చే రిహార్సల్‌కి ఇంట్లో ఉన్న పాత దుప్పట్లు తీసుకురండి, బేసులు చుట్టి పెట్టడానికి. ఫ్రీజర్లలో ఇంకా ఎవరి దగ్గరైనా పార్టులు ఉండిపోతే దయచేసి చూడండి. ఫస్ట్ బారిటోన్ ఫోల్డర్ ఒకటి లెక్కకు రావడం లేదు.